తొడుగు

గాజుపళ్ళెంలో వేటగాడు గెలుస్తూనే ఉన్నాడు. ఆసుపత్రి మంచం మీద నవ్య జ్వరం మాత్రం దిగడం లేదు.

స్వరూప పళ్ళేన్ని వెలుతురుకెత్తి మరోసారి చూసింది. మీగడలా పరుచుకున్న బ్యాక్టీరియా పొర మీద వేటగాడు తిన్న చోటల్లా గుండ్రంగా ఖాళీలు పడ్డాయి. తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ బ్యాక్టీరియా తన తమ్ముడి కూతురు నవ్య నెత్తుట్లోంచి తీసిందే. ఆ వేటగాణ్ణే సెలైన్‌తో పాటు పిల్ల నరంలోకి ఎక్కించారు. ఇక్కడ పూట తిరక్కుండా పని ముగించినవాడు అక్కడ ఒంట్లో ఏం చేస్తున్నట్టు?

వేటగాడన్నది ల్యాబులో అందరూ పిలుచుకునే పేరు. అది బ్యాక్టీరియాను తప్ప మరి దేన్నీ ముట్టని వైరస్. అలాంటివి ఏ మురుగుకాలవలో చూసినా కోకొల్లలు. స్వరూప బృందం చేసిన కొత్త పని ఒక్కటే. పుట్టే ప్రతి తరంలోనూ దాని కాళ్ళు కొద్దికొద్దిగా మారేలా చేశారు. బ్యాక్టీరియా ఒంటి మీద పట్టు దొరికిన కాళ్ళు నిలుస్తాయి, దొరకనివి పోతాయి. బ్యాక్టీరియా ఎన్ని వేషాలు మార్చినా వేటగాడు వెంటపడి మారుతూనే ఉంటాడు.

దాన్ని మొట్టమొదట వదిలింది గడ్డిబజారు కోళ్ళ మార్కెట్లో. బతికున్న కోడిని కళ్ళముందే కోసిచ్చే దుకాణాలు అక్కడ వరసగా ఉంటాయి. ఇనుప పంజరాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పై కోడి రెట్ట కింది కోడి వీపు మీద పడుతుంది. ఎండాకాలం వచ్చిందంటే చుట్టుపక్కల వాడల్లో వాంతులు, విరేచనాలు, విడవని జ్వరాలు. కోళ్ళు తాగే నీళ్ళలో ఏదో కలుపుతామంటే దుకాణదారులు మొదట ససేమిరా అన్నారు. అప్పుడు స్వరూప తమ్ముడు ఐలేశ్ తన దుకాణంలోనే ముందుగా కలిపించాడు. "మా అక్క చేసిన మందు. మీ కోడికేమన్నయితె నన్నడుగుండ్రి" అని దుకాణం దుకాణం తిరిగి చెప్పాడు.

ఆ ఏడాది వాడల్లో జ్వరాలు లేవు. పేపర్లలో ఫొటోలు పడ్డాయి. ఆ ధీమాతోనే దుకాణదారులు మెల్లమెల్లగా కత్తులు నీళ్ళలో మరిగించడం మానేశారు. కోసిన కోడిని ముంచే వేణ్ణీళ్ళ డ్రమ్ములో పొద్దున పోసిన నీళ్ళే పొద్దుగూకేదాకా ఉండేవి. "ఎందుకక్కా, మందున్నది గద" అనేవాడు ఐలేశ్. స్వరూప నవ్వి ఊరుకునేది.

ఇప్పుడు జ్వరాలు మళ్ళీ వచ్చాయి. ఈసారి ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని జ్వరాలు. గడ్డిబజారు వెనక వాడలో ఒక ముసలాయన, ఒక బాలింత అప్పటికే పోయారు.

స్వరూప పళ్ళేలు పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళింది. నవ్య కళ్ళు తెరిచి ఉంది గానీ ఎవరినీ పోల్చుకోవడం లేదు. పెదాలు పొక్కిపోయి ఉన్నాయి. ఐదో తరగతి పిల్ల, మంచంలో మూడేళ్ళ పిల్లంత కనిపించింది. తల్లి మంజుల తడిగుడ్డతో కాళ్ళు తుడుస్తూ, "ఇంకేం నెత్తురు తీస్తవ్ వదినె, పిల్ల ఒంట్ల ఏమున్నదని" అంది. స్వరూప సూది గుచ్చి కొంచెం తీసుకుంది.

ఈసారి దాన్ని పళ్ళెంలో పెంచలేదు. నెత్తుట్లో ఉన్నదున్నట్టుగా వడగట్టి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టింది.

అప్పుడు కనిపించింది. పిల్ల ఒంట్లోని బ్యాక్టీరియా చుట్టూ జిగురుగా, మందంగా ఒక తొడుగు ఉంది. పళ్ళెంలో పెరిగినదానికి అది లేదు. ప్రాణి ఒంట్లో ఉన్నంతసేపూ తొడుక్కుంటోంది, గాజులోకి రాగానే విప్పేస్తోంది. తొడుగులో ఉన్నప్పుడు వేటగాడి కాళ్ళకు పట్టు దొరకదు. ఏడాది పొడుగునా కోళ్ళ కడుపుల్లో వేటగాడు తరిమీ తరిమీ దానికి దాక్కోవడం నేర్పాడు. వేటగాణ్ణి ఆ కడుపుల్లోకి పంపింది తనే.



*

స్వరూప పనిచేసే సంస్థ డైరెక్టర్ విఠల్‌రావు ఆమె చెప్పిందంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"గడ్డిబజారు మూసేయమని రాత్రే అధికారులకు చెప్పాను. రేపు కోళ్ళన్నిటినీ చంపి పూడ్చేస్తారు. అది ఆపమని మాత్రం అడక్కండి."

"ఆపమనట్లేదు సార్. మార్కెట్ మూయాల్సిందే. కానీ వేటగాడు ఈ తొడుగు మీద పట్టు నేర్చుకోవాలంటే తొడుగున్న బ్యాక్టీరియా కావాలి. గాజులో అది తొడుక్కోదు. బతికున్న ఒంట్లోనే తొడుక్కుంటుంది."

"అంటే?"

"ఆ కోళ్ళు కావాలి. ఒక్క వ్యాను. వాటికి జబ్బు కనిపించదు, కడుపులో మాత్రం ఉంటుంది. ఊరికి దూరంగా ఒక షెడ్డులో అరలు కట్టి, వాటిలో పెట్టి వేటగాణ్ణి నీళ్ళలో వదులుదాం. ఒక అర కోళ్ళ రెట్టలోంచి వేటగాణ్ణి తీసి పక్క అరకు తాగిద్దాం. అక్కణ్ణుంచి ఇంకో అరకు. ఎక్కడో ఒకచోట పట్టు దొరుకుతుంది."

"ఎవరు తాగిస్తారమ్మా?" విఠల్‌రావు గొంతు తగ్గించాడు. "సోకితే మందు లేని జబ్బు. మన పశువుల విభాగంలో ఒక్కరూ రారు. రమ్మని నేను అడగను కూడా. మీరు లోపలికి పోతే ఇక్కడ శాంపిల్ చూసేదెవరు?"



ఎవరు తాగిస్తారన్నదానికి జవాబు ఆసుపత్రి వరండాలో దొరికింది. ఐలేశ్ గోడకానుకుని గొంతుక్కూర్చున్నాడు. గడ్డం మాసి ఉంది. దుకాణం తెరిచి ఎన్నాళ్ళయిందో. డైరెక్టర్ ఏమన్నాడో చెప్పడానికి స్వరూప వచ్చింది గానీ, చెబుతుంటే మధ్యలోనే అతను లేచి నిలబడ్డాడు.

"నేను పోత."

"పిచ్చి మాటలు మాట్లాడకు."

"కోడ్లతోని నాకు కొత్తనా అక్కా? చిన్నప్పటిసంది గదే పని జేస్తి. నువ్వెట్ల జెప్తె గట్ల జేస్త."

"అది కాదురా. నీకు సోకితే ఏం చేయాలో నాకు తెల్వదు. నవ్యకే ఏం చేయాలో తెల్వడం లేదు."

"నవ్యకు ఏం చెయ్యాల్నో నీకు తెలిసింది. గందుకే నేను పోతా అంటున్న." అతను వార్డు తలుపు వైపు చూశాడు. "ఇంట్ల కోడికూర వండినమంటె నా దుకాణంల కోసిందే. పిల్లకు నేనే పెట్టిన. నన్నిట్ల గోడకు కూసోవెట్టకు అక్కా. నాతోని కాదు."

స్వరూప అతని చేయి పట్టుకోబోయింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ చేతులు ఎన్నిసార్లు కడిగాడో, వేళ్ళ సందుల్లో చర్మం పగిలిపోయి ఉంది.

*

ఊరికి బయట, ఒకప్పుడు కోడిపిల్లల్ని పొదిగించిన పాడుబడ్డ హేచరీ ఒకటి దొరికింది. రేకుల కప్పు, చుట్టూ పల్లేరు ముళ్ళు. పూడ్చడానికి తీసుకుపోతున్న కోళ్ళలోంచి ఒక వ్యాను దారి మళ్ళింది. విఠల్‌రావు సంతకం పెట్టలేదు, వద్దనీ అనలేదు. "నాకు ఏమీ చెప్పకండి" అన్నాడంతే.

ఐలేశ్ తల నుంచి పాదాల దాకా తెల్లటి సూటు తొడుక్కుని లోపలికి వెళ్ళాడు. స్వరూప బయట కిటికీ దగ్గర నిలబడి, ఏ అర నీళ్ళు ఏ అరకు పోయాలో, రెట్ట ఎలా ఎత్తాలో, డబ్బా మూత ఎలా బిగించాలో చెప్పింది. అతను ఒక్కసారి విని చేశాడు. కిటికీలోంచి డబ్బాలు అందుకుని, క్రిములు చచ్చే మందునీళ్ళలో పైన కడిగి, పెట్టెలో పెట్టుకుని ఆమె ల్యాబుకు పరుగెత్తింది.

మొదటి విడతలో ఏమీ లేదు. రెండో విడతలోనూ లేదు. ప్రతి అరలోనూ బ్యాక్టీరియా తొడుగు వేసుకుని హాయిగా ఉంది. వేటగాడు దాని పక్కనుంచే కొట్టుకుపోతున్నాడు.

ఆసుపత్రిలో పిల్ల పొట్ట ఉబ్బింది. డాక్టర్లు నోటి ద్వారా నీళ్ళు కూడా ఆపేశారు. పక్క మంచం మీద ఉన్న చికెన్ పకోడీ బండి వాళ్ళ అబ్బాయి ఒక పొద్దున పోయాడు. దుప్పటి మార్చి ఇంకొకరిని పడుకోబెట్టారు. మంజుల ఆ మంచం వైపు వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టింది.

ఎండలు ముదిరాయి. రేకుల కింద షెడ్డు పెనంలా కాలిపోయేది. కోళ్ళు నోళ్ళు తెరిచి రొప్పుతూ ఒకటొకటిగా రాలిపోతున్నాయి. కోడి చస్తే దాని కడుపులోని వేట కూడా అక్కడితో ఆగిపోతుంది. ఐలేశ్ గోనెసంచులు తడిపి కిటికీలకు కట్టాడు. పొద్దంతా రేకుల మీద నీళ్ళు చల్లుతూనే ఉన్నాడు.

ఒకరోజు స్వరూప వెళ్ళేసరికి అతను బనీను మీద ఉన్నాడు. సూటు ఒక మూల కుప్పగా పడి ఉంది.

"ఐలేశ్! తొడుక్కో ముందు!"

"దాంట్ల పానం పోతున్నదక్కా. నిన్న కండ్లు తిరిగి పడ్డ. లేసి సూసేసరికి నాలుగు కోడ్లు సచ్చినయి. నేను వడిపోతె నీళ్ళెవలు పోస్తరు వీటికి?"

"చేతులకన్నా తొడుక్కో. మూతికన్నా కట్టుకో."

"కట్టుకుంట తియ్యి. డబ్బాలు తీస్కపో. ఆ చివరి అర కోడ్లు జర కొత్తగ కొడుతున్నయి నాకు. మేత మంచిగ తింటున్నయి."

ఆమె డబ్బాలు తీసుకుంది. తల తిప్పి చూడకుండా వచ్చేసింది. చూస్తే లోపలికి వెళ్ళి అతన్ని బయటికి లాగాల్సి వస్తుంది.

చివరి అర రెట్టలో బ్యాక్టీరియా కొంచెం తగ్గింది. పొరపాటేమోనని మళ్ళీ చూసింది, మళ్ళీ తగ్గే ఉంది. ఎక్కడో ఒక వేటగాడికి కాలు ఆనింది. ఇంకా గట్టి పట్టు కాదు. ఇంకొన్ని అరలు దాటాలి, ఇంకొన్ని కోళ్ళ కడుపుల్లోంచి రావాలి.

మరుసటి రోజు కిటికీ దగ్గరికి రావడానికి ఐలేశ్‌కు చాలాసేపు పట్టింది. చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అంత ఎండలోనూ ఒంటి మీద చెమట చుక్క లేదు.

"జ్వరం వచ్చిందా?" అంది స్వరూప.

"ఎండ."

"నిజం చెప్పు."

"ఎండ అంటున్న గదక్కా. ఈ రేకుల కింద ఎవలకు గాదు? పిల్ల ఎట్లున్నది?"

"అట్లనే ఉంది."

"మరి నిలవడ్డవేంది? పో."

స్వరూప ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. రెండు వారాలుగా వార్డులో అలాంటి కళ్ళనే చూస్తోంది. ఎండదెబ్బ ఎలా ఉంటుందో, ఈ జ్వరం ఎలా మొదలవుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కిటికీలోంచి చేయి చాపి నుదురు తాకితే చాలు, తెలిసిపోతుంది. తాకితే అంబులెన్సు పిలవాలి. పిలిస్తే షెడ్డుకు సీలు వేస్తారు, కోళ్ళను ఆ పూటే చంపేస్తారు.

ఆమె చేయి చాచింది. డబ్బా అందుకుంది.

"నీళ్ళు బాగా తాగు" అంది. కారెక్కి తలుపేసుకుని, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే బండి స్టార్ట్ చేసింది.

*

పట్టు దొరికింది. ఒక అర కోళ్ళ రెట్టలో బ్యాక్టీరియా జాడే లేకుండా పోయింది. దాని బదులు వేటగాళ్ళు తెల్లటి ధూళిలా కిక్కిరిసి ఉన్నారు. తొడుగును చీల్చుకుని దిగే కొత్త కాళ్ళతో ఉన్నారు. ల్యాబులో అందరూ తిండి మాని శుద్ధి చేయడానికి కూర్చున్నారు. విఠల్‌రావు కూడా కోటు విప్పి సెంట్రిఫ్యూజ్ దగ్గర నిలబడ్డాడు. ముందు వచ్చింది ఒక్కటే సీసా.

స్వరూప సీసా చేతిలో పట్టుకుని, "సార్, షెడ్డుకు అంబులెన్సు పంపించండి. మా తమ్ముడికి జ్వరం" అంది.

విఠల్‌రావు ఆమె వైపు చూశాడు. "ఎప్పట్నుంచి?"

ఆమె సీసాను పెట్టెలో పెట్టి మూత బిగించింది. ఆయన ఫోను తీశాడు.

ఆ సీసా నవ్యకు ఎక్కించారు. సాయంత్రానికి జ్వరం ఒక మెట్టు దిగింది. ఆ తర్వాత ఇంకో మెట్టు. తెల్లారేసరికి పిల్ల తల్లి మొహం గుర్తుపట్టి నీళ్ళడిగింది. మంజుల నవ్వలేదు, ఏడవలేదు. పిల్ల అరిపాదాలు రెండూ చేతుల్లో పట్టుకుని అలాగే కూర్చుంది.

ఐలేశ్‌ను తెచ్చినవాళ్ళు అతను అరల మధ్య పడి ఉన్నాడని చెప్పారు. కోళ్ళకు నీళ్ళ గిన్నెలన్నీ నిండా పోసి ఉన్నాయట. రెండో సీసా వేటగాణ్ణి అతనికి ఎక్కించారు. వేటగాడు తన పని తాను చేశాడు, నెత్తుట్లో బ్యాక్టీరియా చచ్చింది. కానీ అప్పటికే పేగు చిల్లు పడిపోయింది. చిల్లును పూడ్చే విద్య వేటగాడికి లేదు. ఆపరేషను బల్ల మీద ఉండగానే ఐలేశ్ పోయాడు.

వార్డులో మిగతావాళ్ళకు ఒకరి తర్వాత ఒకరికి మందు అందింది. అక్కడ ఇంకెవరూ చనిపోలేదు.

*

కర్మలు అయిపోయాక స్వరూప మళ్ళీ ల్యాబుకు వెళ్ళింది. విఠల్‌రావు ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళు తెప్పించాడు.

"కొత్త వేటగాణ్ణి అన్ని మార్కెట్లలోనూ వదలమని పైనుంచి అడుగుతున్నారు. ఈ తొడుగు బ్యాక్టీరియా ఇంకెక్కడెక్కడ పాకిందో తెలియదు. మీరు సరేనంటే..."

"వద్దు సార్."

"పని చేస్తోంది కదమ్మా. మీ తమ్ముడు ప్రాణం పెట్టి సంపాదించింది."

"అందుకే వద్దంటున్నాను. ఆసుపత్రులకు ఎన్ని సీసాలు కావాలంటే అన్ని చేస్తాను. మార్కెట్ నీళ్ళలో మాత్రం చుక్క కూడా పోయను. మనం తరిమితే అది ఇంకోటి తొడుక్కుంటుంది. అప్పుడు ఎవర్ని పంపుతారు షెడ్డులోకి?"

"మరి మార్కెట్ ఎట్లా తెరుస్తారు? జనం కోడి తినడం మానరు."

"నీళ్ళ నల్లా పెట్టించండి. దుకాణానికొకటి. పంజరం మీద పంజరం పెట్టనివ్వకండి. కోసే చోటు వేరు, బతికున్న కోళ్ళ చోటు వేరు. కత్తులు మరిగించాలి, డ్రమ్ము నీళ్ళు మార్చాలి. చేస్తున్నారో లేదో రోజూ వెళ్ళి నేను చూస్తాను."

"రోజూ ఇవన్నీ చేస్తారంటారా?"

"కత్తులు మరిగించడం, నీళ్ళు మార్చడం ఇదివరకు చేసేవాళ్ళు సార్. మనమే మానిపించాం."

విఠల్‌రావు ఒప్పుకున్నాడో లేదో ఆమెకు తెలియలేదు. పైవాళ్ళు ఆమె మాట వింటారన్న నమ్మకం కూడా లేదు. కొత్త వేటగాణ్ణి పెంచడానికి కావలసిన మూల నమూనా ఉన్న ఫ్రీజరు తాళంచెవి ఆమె బ్యాగులో ఉంది. దాన్ని ఇవ్వకుండానే లేచి వచ్చేసింది.

తమ్ముడి ఇంటికి వెళ్ళేసరికి మంజుల పెరట్లో నవ్య బట్టలు ఆరేస్తోంది. పిల్ల లోపల పడుకుని ఉంది. జబ్బు తగ్గింది గానీ ఇంకా లేచి నడవలేదు. నాన్న ఊరెళ్ళాడని చెప్పారు. ఎన్నాళ్ళు అలా చెబుతారో ఎవరికీ తెలియదు.

స్వరూప బకెట్లోంచి ఒక గౌను తీసి పిండింది. ఇద్దరూ కలిసి ఆరేయసాగారు.

"వదినె" అంది మంజుల, తీగ మీది గుడ్డ సరిచేస్తూ. "ఆయనకు జరమచ్చిందని నీకు ముందే ఎర్కనా?"

స్వరూప చేతిలో గౌను అలాగే ఉండిపోయింది. అబద్ధం నోటి దాకా వచ్చింది. ఎండదెబ్బ అనుకున్నానని అంటే సరిపోయేది, ఎవరూ కాదనలేరు.

"ఎర్కనే" అంది.

మంజుల తల ఊపింది. పక్కింటి డాబా మీద ఎవరో వడియాలు తిరగేస్తున్నారు.

"నాకు గూడ ఎర్కనే" అంది మంజుల. "ఫోన్ జేసి చెప్పిండు. వణుకుతున్నది మంజులా అన్నడు. అక్కకు చెప్పకు, చెప్తె ఆపేస్తది అన్నడు. నేను ఫోన్ పట్టుకొని నవ్య దిక్కు సూసిన. ఇగ సరే అన్న." ఆమె రెండు చేతులా తీగను పట్టుకుంది. "సరే అన్న వదినె. వచ్చెయ్యి అనలే."

స్వరూపకు అడగాలనిపించింది, చెప్పి ఉంటే నేను ఆపేదాన్నా అని. ఆపేదాన్ని కాదని ఆమెకు తెలుసు. మంజులకూ తెలుసు. అందుకే ఆ మాట ఇద్దరి మధ్యా రాలేదు. గౌను తీగ మీద వేసి, మంజుల భుజం మీద చేయి వేసింది. మంజుల ఆ చేతిని తీసేయలేదు.

లోపల్నుంచి నవ్య పిలిచింది. గొంతు ఇంకా సన్నగానే ఉంది.

"అమ్మా! బాపు ఎప్పుడొస్తడే?"

మంజుల కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు గూడ రా వదినె" అంది. "నా ఒక్కదానితోని కాదు."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు.